ఇంజిన్‌ను రెండోసారి విప్పేటప్పుడు మీరు పక్కనే ఉండండి

మీరు అడిగింది ఇది: ఇంజిన్ మొత్తం పని చేయించి నెల తిరగకముందే బండి మళ్ళీ ఆగిపోయింది, షెడ్డు వాళ్ళు తప్పు మీదేనంటున్నారు, ఇంజిన్ ఇంకా విప్పలేదు, డబ్బులు వెనక్కి వస్తాయా అని.

వస్తాయి. మొత్తం రాకపోవచ్చు గానీ వస్తాయి. నాకు వచ్చాయి. రావడానికి ఒకటే కారణం, రెండోసారి ఇంజిన్ విప్పినప్పుడు నేను అక్కడే నిలబడి ఉన్నాను.

మాది 2013 మోడల్ డీజిల్ కారు. తెలంగాణ రాకముందు కొన్నది కాబట్టి ఇంకా ఏపీ నంబరే. నాన్న రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ముచ్చటపడి కొన్నారు. లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగాక పొగ మొదలైంది, ఆయిల్ తాగడం మొదలైంది. అమ్మేయమని చెప్పనివాళ్ళు లేరు. పాత బండి ఉన్నవాళ్ళు కనబడితే చాలు, అందరూ అదే సలహా ఇస్తారు, కొత్త బండి ఈఎంఐ తాము కడుతున్నట్టు! నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన చేత్తో తుడుచుకున్న బండిని తుక్కు కింద ఇవ్వడానికి అమ్మకు మనసొప్పలేదు, నాకూ ఒప్పలేదు. ఇంటికి దగ్గర్లో ఉన్న షెడ్డులో ఫుల్ ఇంజిన్ పనికి ఇచ్చాను. బోరింగ్ (సిలిండర్లను లోపల తొలిచి నున్నగా చేయడం), పిస్టన్లు, రింగులు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్, దాని చుట్టూ పట్టే పలచటి షెల్ బేరింగులు, హెడ్ పని అన్నీ కలిపి 82,000 రూపాయలు. కొంత ఫోన్‌పేలో పంపాను, కొంత నగదు ఇచ్చాను. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అంత కాగితం మీద ‘ఇంజన్ వర్క్ ఫుల్’ అని రాసిచ్చారు.

సరిగ్గా 1,140 కిలోమీటర్లు నడిచింది. అమ్మను యాదగిరిగుట్టకు తీసుకెళ్ళి తిరిగొస్తుంటే బీబీనగర్ దగ్గర ఆయిల్ లైటు వెలిగింది, వెంటనే కింద నుంచి రోకలితో దంచినట్టు చప్పుడు. పక్కకు తీసి ఆపేశాను. ఎందుకు తోచిందో తెలియదు గానీ, ఆయిల్ పుల్ల తీసి చూశాను. ఆయిల్ పై గీత దాకా నిండుగా ఉంది. దాన్ని ఫోటో తీశాను, కిలోమీటర్ల రీడింగును కూడా తీశాను. తర్వాత నన్ను నిలబెట్టినవాటిలో మొదటిది ఆ ఫోటో.

బండిని టోయింగ్‌లో షెడ్డుకు చేర్చాక ఓనర్ అన్న మొదటి మాట: “సార్, కొత్త ఇంజన్‌ని హైవే మీద తోలితే ఇట్లనే అయితది. ఆయిల్ అయిపోయినా చూసుకోలేదు.” ఫోటో చూపిస్తే మాట మార్చారు. “సరే, బండి వదిలిపెట్టి వెళ్ళండి. మేం విప్పి చూసి ఫోన్ చేస్తం.”

ఈ మాటకు మాత్రం ఒప్పుకోకండి. తప్పు చేసినవాళ్ళే విప్పి, వాళ్ళే చూసి, వాళ్ళే చెబితే ఇక మీ చేతిలో ఏముంటుంది? అరిగిన షెల్స్ తుక్కులోకి పోతాయి, ఆయిల్ డ్రమ్ములోకి పోతుంది. రెండు రోజుల తర్వాత “మీరే వేడెక్కించారు” అని ఫోన్ వస్తుంది. “అన్నా, విప్పే రోజు చెప్పు, నేను వస్తాను, నాతో ఇంకొకరు వస్తారు” అన్నాను. మొహం మాడ్చుకున్నారు గానీ కాదనలేకపోయారు. ఆ రాత్రే అదే మాట వాట్సాప్‌లో రాసి పంపాను. నోటిమాటకు సాక్ష్యం ఉండదు కదా.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నేను బాబాయ్ అంటాను. ఆయన్ను బతిమాలి తీసుకెళ్ళాను. మేం వెళ్ళేసరికే కుర్రాడు బండి కిందికి దూరి ఆయిల్ బోల్టుకు పానా పెట్టాడు. బాబాయ్ ఆపించి, ఇంటి నుంచి తెచ్చిన స్టీలు బేసిన్ కింద పెట్టించారు. ఆయిల్ దిగింది. వెయ్యి కిలోమీటర్లు తిరిగిన డీజిల్ బండి ఆయిల్ నల్లగా ఉండటం మామూలే. కానీ బేసిన్ వంచితే ఆ నలుపు మీద వెండి పెయింట్ కలిపినట్టు తళతళా ఒక పొర కదిలింది. ఒక సీసా నిండా నేను పట్టి ఉంచుకున్నాను.

తర్వాత ఫిల్టర్. మా బండిది లోపల వేసే కాగితం ఫిల్టర్ కాబట్టి బ్లేడుతో మడతలు కోసి పేపరు మీద పరిచారు. (మీది రేకు డబ్బా ఫిల్టర్ అయితే రంపంతో కోయనివ్వకండి. రంపం రజను లోపల పడితే ఏది ఇంజిన్‌దో, ఏది రంపానిదో ఎవరూ చెప్పలేరు.) ఆ మడతల మీద అయస్కాంతం తిప్పితే కొంత రజను అంటుకుంది, కొంత అంటుకోలేదు. “అంటుకున్నది ఇనుము, అంటుకోనిది బేరింగ్ పూత బిడ్డా” అన్నారు బాబాయ్. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి, మూడో పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ క్యాప్ విప్పితే, బూడిద రంగులో నున్నగా ఉండాల్సిన షెల్ మీద ఎర్రటి రాగి బయటపడి ఉంది. క్రాంక్ మీద గోరు తగిలేంత గీతలు.

అంతవరకూ ఓనర్ “ఆయిల్ అందలేదు సార్, అది మా తప్పెట్లయితది” అంటూనే ఉన్నారు. అప్పుడు బాబాయ్ సన్నటి తీగకు బనీను గుడ్డ చుట్టి, క్రాంక్‌లో ఆయిల్ వెళ్ళే రంధ్రంలోకి దోపి తిప్పి బయటికి లాగారు. గుడ్డ చివర బూడిద రంగు ముద్ద వచ్చింది. వేళ్ళ మధ్య నలిపి చూశాను. పళ్ళపొడిలా గరగరలాడింది. క్రాంక్‌ను గ్రైండింగ్ చేసినప్పుడు రాయి అరిగిన పొడి, ఇనుప పొడి కలిసి ఆ రంధ్రాల్లో చేరతాయి. బిగించేముందు తీగ బ్రష్‌తో తోమి, కిరోసిన్ కొట్టి, గాలి పెట్టి ఊదాలి. అరగంట పని. అది చేయలేదు. ఇంజిన్ తిరిగిన ప్రతిసారీ ఆ గరుకు బేరింగుల్లోకే వెళ్ళింది. నిండుగా ఆయిల్ పోసి ఎంత నెమ్మదిగా నడిపినా ఆ ఇంజిన్ బతికేది కాదు. మొత్తం నేను వీడియో తీశాను.

“లేత్ వాళ్ళు కడగలేదు సార్, వాళ్ళనడగండి” అన్నారు ఓనర్. లేత్ అంటే షెడ్డు వాళ్ళు క్రాంక్ గ్రైండింగ్ చేయించుకొచ్చిన వర్క్‌షాపు.

“బిగించేటోడు కడగాలె గదా” అన్నారు బాబాయ్, అంతే.

మీకూ ఇదే మాట చెబుతారు, రాసిపెట్టుకోండి. లేత్ ఎవరో మీకు తెలియదు, మీరు వాళ్ళకు పైసా ఇవ్వలేదు. మీరు డబ్బిచ్చింది షెడ్డుకు, జవాబు చెప్పాల్సింది షెడ్డే. వాళ్ళూ వాళ్ళూ తర్వాత తేల్చుకుంటారు.

ఆ సాయంత్రం వచ్చిన బేరం, కొత్త షెల్స్ వేసి లేబర్ లేకుండా చేసిస్తామని. వినడానికి బాగుంది, నేను ఒప్పుకోలేదు. గీతలు పడిన క్రాంక్ మీద కొత్త షెల్ వేస్తే అదీ పోతుంది. పైగా ఆ మురికి ఆయిలే ఆయిల్ పంపులోకి, టర్బోలోకి (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగం) కూడా వెళ్ళింది. టర్బో బేరింగులకు వేరే ఆయిల్ ఏమీ ఉండదు, అదే ఆయిల్.

నాకు అసలు మంట ఎక్కడంటే, ఇంత డబ్బు తీసుకునే పనికి ఒక కొలతల కాగితం ఇవ్వరు. బోరు ఎంత వచ్చింది, క్రాంక్ ఎంతకు దించారు, రింగు గ్యాప్ ఎంత పెట్టారు అని మైక్రోమీటర్ పెట్టి కొలిచిన నాలుగు అంకెలు రాసివ్వడానికి ఏం పోయింది? దర్జీ కూడా చొక్కాకు కొలతలు పుస్తకంలో రాసుకుంటాడు! పక్కా బిల్లు అంటే చాలు, జీఎస్టీ 18 శాతం ఎక్స్‌ట్రా అని భయపెడతారు. రిజిస్ట్రేషన్ లేని చిన్న షెడ్డయినా సంతకం పెట్టి కాగితం ఇవ్వొచ్చు, అందులో ఏ పన్నూ అడ్డం రాదు. కొలతలు రాసివ్వని షెడ్డులో ఇంజిన్ పని అసలు చేయించకూడదని నా గట్టి అభిప్రాయం. సికింద్రాబాద్ రాణిగంజ్ స్పేర్ పార్టుల బజారులో ఎంత మంచి పార్ట్ కొన్నా, బిగించేచోట కొలత, శుభ్రత లేకపోతే ఆ డబ్బు బూడిదే.

ఇక డబ్బు సంగతి. లాయరును పెట్టుకోలేదు. నేనే తెలుగులో రెండు పేజీల నోటీసు రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఏ తారీఖున ఎంత ఇచ్చాను, ఎన్ని కిలోమీటర్లకు ఆగింది, విప్పినప్పుడు ఎవరెవరున్నారు, ఏం బయటపడింది, 15 రోజుల్లో ఎంత ఇవ్వాలి అని. ఇవ్వకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం అని జిల్లా కమిషన్‌లో కేసు వేస్తానని చివర్లో రాశాను. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ళ లోపు వేయాలి. షెడ్డు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. క్యాబ్ నడుపుకునేవాళ్ళు మాకిది వర్తించదని వదిలేస్తుంటారు. పొట్టకూటికి సొంతంగా నడుపుకునే బండి అయితే వాళ్ళూ వినియోగదారులే.

పదిహేడో రోజు ఓనర్ నుంచి ఫోన్ వచ్చింది. గొంతు మారింది. రెండు విడతల్లో 55,000 వేశారు. మిగతాది, టోయింగ్ ఖర్చు నేను వదులుకున్నాను. వదులుకోకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. బండిని వేరేచోట చేయించాను, ఈసారి క్రాంక్ కడుగుతున్నప్పుడు బాబాయ్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

మీ బండి ఇంకా వాళ్ళ దగ్గరే ఉందన్నారు. బాకీ లేకపోతే బండిని ఆపుకునే హక్కు వాళ్ళకు లేదు. చేసిన పనికి రావాల్సిన డబ్బు కోసమే ఆపుకోవచ్చని 1872 కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ చెబుతుంది, మీరేమో మొత్తం కట్టేశారు. రేపు పొద్దున్నే వెళ్ళి ఆయిల్ పుల్ల, రీడింగు ఫోటో తీయండి. విప్పే తారీఖు వాట్సాప్‌లో రాయించుకోండి. శుభ్రమైన సీసా ఒకటి, అయస్కాంతం ఒకటి వెంట తీసుకెళ్ళండి. మీరు చేరేదాకా ఆయిల్ బోల్టు మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి.