సమాధానం: మూడు పదాలు, మూడేసి గళ్లు
ఇంగ్లిష్ పాట పేరును ఒక్కో అక్షరం నొక్కి కనిపెట్టే ఆటలో మూడేసి గళ్ల మూడు పదాలు, ప్రతిదానికీ మధ్యలో 'ఓ', క్లూ చూస్తే "మాంట్‌సెరాట్, 1982", ఇంకా రెండు తప్పులకే వీలుంది అన్నారు కదండీ. ధైర్యంగా 'టీ' నొక్కండి, తర్వాత 'హెచ్'. పాట 'హాట్ హాట్ హాట్'. మాంట్‌సెరాట్ అనే కరీబియన్ దీవికి చెందిన సోకా (కరీబియన్ డాన్స్ సంగీతం) గాయకుడు 'ఆరో' (Arrow) పాడింది. 1987లో అమెరికాలో బస్టర్ పాయిండెక్స్టర్ మళ్లీ పాడాడు గానీ, నా ఓటు పాతదానికే.

ఒకే అక్షరం అన్ని పదాల్లోనూ ఒకే గడిలో పడితే, అదే పదాన్ని తిప్పి తిప్పి వాడారేమో ముందు చూసుకోండి.

ఇంగ్లిష్‌లో ఎక్కువగా వచ్చే అక్షరం కదా అని 'ఈ' (E)తో మొదలుపెట్టే అలవాటు మాత్రం ఇక్కడ మానేయండి. 2-5-2-3 గళ్లు కనిపిస్తే బాబ్ మార్లీ 'నో వుమన్ నో క్రై' అయ్యుండొచ్చు. అందులో 'ఈ' ఒక్కటీ లేదు, 'ఓ' మూడుసార్లుంది.