అడిగిందే మళ్లీ అడిగే అమ్మకు ఏమని బదులివ్వాలి?

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. అల్జీమర్స్ వల్ల వచ్చిన డిమెన్షియా అని మూడేళ్ల క్రితం నిర్ధారించారు. ‘మీ నాన్న ఇంకా రాలేదేం?’ అని రోజంతా అడుగుతూనే ఉంటుంది. ఆయన పోయి ఏడేళ్లయిందని చెబితే అప్పుడే విన్నట్లు ఏడుస్తుంది. ఒక్కోసారి కసురుకుంటాను, ఆ తర్వాత రాత్రంతా నాకు నిద్ర పట్టదు. నావంటి వారికి మాట్లాడే తీరులో శిక్షణ ఇస్తారట. నయం కాని జబ్బుకు మాటల శిక్షణ వల్ల ఏం ప్రయోజనం?

– ఒక పాఠకురాలు

జవాబు: ఆ శిక్షణ జబ్బును తగ్గించదు. మీ ఇద్దరి మధ్య రోజూ జరుగుతున్న ఘర్షణను తగ్గించగలదు, మిమ్మల్ని అలసిపోయేలా చేస్తున్న వాటిలో ఆ ఘర్షణ వాటా చిన్నది కాదు.

కొత్త విషయాలను గుర్తుంచుకోవడానికి తోడ్పడే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ఈ వ్యాధిలో తొలిదశలోనే దెబ్బతింటుంది కనుక, మీ జవాబు అమ్మ మనసులో నిలవదు, ఎన్నిసార్లు అడిగినా ఆమెకు అది మొదటిసారే. అయితే విన్న మాట మరచిపోయిన తర్వాత కూడా అది కలిగించిన దుఃఖం కొంతసేపు మిగిలే ఉంటుంది. అందువల్ల నాన్నగారి మరణాన్ని పదే పదే గుర్తుచేస్తే ఆమెకు వాస్తవం దక్కదు, బాధ మాత్రమే దక్కుతుంది. అలాగని ‘సాయంత్రం వస్తారు’ అని అబద్ధం చెప్పమని నేను అనను. ‘నాన్న గుర్తొచ్చారా అమ్మా? ఆయన గురించి చెప్పు, వింటాను’ అని పక్కన కూర్చుంటే, ప్రశ్న వెనక ఉన్న బెంగకు బదులిచ్చినట్లవుతుంది. ఇది ప్రతిసారీ ఫలించకపోవచ్చు, కానీ వాదన మాత్రం మొదలవదు.

ఇదంతా చదివినంత మాత్రాన అలవడదు. విసుగు ముంచుకొచ్చిన క్షణంలో నోటికి వచ్చేది పాత మాటే కాబట్టి, మంచి శిక్షణలో ఒకరు రోగిగా, మరొకరు సంరక్షకులుగా మాట్లాడుతూ సాధన చేయిస్తారు. ఎదురుగా, కంటికి కన్ను కలిసే ఎత్తులో కూర్చోవడం, ఒకసారి ఒకే విషయం చెప్పడం, జవాబు కోసం తొందరపెట్టకుండా ఆగడం, ‘గుర్తులేదా?’ అనే మాటను పూర్తిగా మానుకోవడం అక్కడ నేర్పే అంశాల్లో కొన్ని. లండన్ పరిశోధకులు రూపొందించిన ‘స్టార్ట్’ కార్యక్రమంలో సంభాషణ మెలకువలతో పాటు ఒత్తిడిని తట్టుకునే పద్ధతులను 8 విడతలుగా నేర్పారు. ఆ శిక్షణ పొందిన కుటుంబ సభ్యులలో కుంగుబాటు, ఆందోళన తగ్గినట్లు 2013లో వెలువడిన ఫలితాలు చూపాయి, ఆ మేలు రెండేళ్ల తర్వాత కూడా నిలిచి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఐసపోర్ట్’ శిక్షణలో ఇంట్లోనే స్వయంగా నేర్చుకోదగిన పాఠాలున్నాయి.

ముందుగా అమ్మ వినికిడిని పరీక్షించండి, చెవి సరిగా వినబడకపోతే ఏ మెలకువా పనిచేయదు. ఒకటి రెండు రోజుల్లోనే ఆమె తికమక హఠాత్తుగా పెరిగితే ఇన్ఫెక్షన్, మలబద్ధకం, చెప్పుకోలేని నొప్పి వంటివి కారణం కావచ్చు, అప్పుడు ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపాలి.

ఇక మీ విషయం. కసురుకోవడం ప్రేమ లేక కాదు, విశ్రాంతి లేక. మాట్లాడే తీరు ఎంత మెరుగుపడినా, రోజంతా ఒక్కరే చూసుకుంటుంటే ఓపిక నిలవదు. వారంలో కొన్ని గంటలైనా అమ్మను మరొకరు చూసుకునేలా కుటుంబంలో అడగండి, వారికీ ఈ పద్ధతి నేర్పండి. మీ నిద్రలేమి ఇలాగే కొనసాగితే, అమ్మ కోసం వెళ్లే వైద్యుడికే మీ సంగతి కూడా చెప్పండి.