రద్దీలో కస్టమ్ రైఫిల్

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను, గ్రీన్‌కార్డు ఉంది. దూరపు గురికి కస్టమ్ బోల్ట్ రైఫిల్ (ప్రతి తూటాకూ పిడి చేత్తో లాగి మూసేది) కావాలి. జనం ఎగబడి కొంటున్నారు. తయారీదారు ఎనిమిది నెలలంటూ మొత్తం డబ్బు ముందే అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: వద్దండీ. కొంత అడ్వాన్సే ఇచ్చి యాక్షన్ (బోల్ట్ కదిలే మధ్య భాగం), బ్యారెల్, ట్రిగ్గర్, స్టాక్ (భుజానికి ఆనించే దిమ్మ), గడువు, వాపసు షరతులు కాగితం మీద రాయించుకోండి. రద్దీలో ఎక్కువగా ఆలస్యమయ్యేది బ్యారెలే. అది చేతిలో ఉందా, ఇంకా ఆర్డర్‌లోనే ఉందా అని సూటిగా అడగండి. దూరపు గురికి వాడే 6.5 క్రీడ్‌మూర్ తూటాకు, లోపలి గాడి 8 అంగుళాలకో చుట్టు తిరిగే బ్యారెల్ సరిపోతుంది. అరుదైన క్యాలిబర్ (తూటా సైజు) జోలికి పోకండి: 2020లో రైఫిళ్లకన్నా తూటాలకు, ప్రైమర్లకు (తూటా అడుగున మందును అంటించే చిన్న మూతలు) ఎక్కువ అల్లాడారు.

తీసుకునేటప్పుడు హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కూ బ్యారెల్‌లో తూటా ఆనే చోటుకూ మధ్య దూరం, మీ ఎదుటే కొలిచి చూపించమనండి. ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ తీసేశాక, వేలి ఒత్తిడితోనే బోల్ట్ ‘గో’ గేజ్ (తూటా ఆకారంలో ఉండే కొలత దిమ్మ) మీద మూసుకోవాలి, కాస్త పొడవైన ‘నో-గో’ మీద మూసుకోకూడదు. మూసుకుంటే కొలత వదులైనట్టే. కాల్చినప్పుడు తూటా ఖోళం చీలి, వేడి వాయువు మొహం మీదకు తన్నే ప్రమాదం ఉంది. అలాంటిది ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

వేరే రాష్ట్రం నుంచి తెప్పిస్తే మీ ఊరి లైసెన్సు డీలర్ దగ్గరే 4473 ఫారం (తుపాకీ కొనేవారు నింపే ఫెడరల్ పత్రం) నింపి తీసుకోవాలి. హెచ్-1బి వీసా స్నేహితులకు తుపాకీ కొనే దారి సాధారణంగా మూసే ఉంటుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. వారి కోసం మీ పేరు మీద కొనడం నేరం.