పాత్రలు వేసుకుని కథలా ఆడే ఆటల్లో, మాయా వస్తువులు మేమే చేసుకుంటామని ప్లేయర్లు అడిగితే గేమ్ మాస్టర్ (ఆ కథ నడిపే మనిషి) ఏం చేయాలి?

ఒప్పుకోండి. కానీ డబ్బు, రోజులు మాత్రమే అడిగితే బజారులో కొన్నట్టే ఉంటుంది. అలాంటి ఆటే అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నిబంధనల్లో అన్‌కామన్ (కాస్త అరుదైన) వస్తువుకి 500 బంగారు నాణేలు, రోజుకి 25 నాణేల విలువ చొప్పున పని, అంటే 20 రోజులు. రేర్ (ఇంకా అరుదైనది) అయితే 5,000, ఏకంగా 200 రోజులు! అన్నాళ్లు మిగతావాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోరు కదా. నేనైతే రోజులు తగ్గించేసి, సరుకు దొరకడం కష్టం చేస్తాను.

శ్రీకాకుళంలో మా ఆటలో ఒకమ్మాయి, కప్పుకుంటే మాయమైపోయే శాలువా నేస్తానంది. పక్కనే పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు కదా, నేను అదే పట్టుకున్నాను. "పత్తి సరే, దువ్వడానికి ఏట్లో ఉన్న రాక్షస వాలుగ దవడ తేవాలి" అన్నాను. రెండు ఆదివారాలు ఆ చేప వేటకే సరిపోయాయి. తీరా దువ్వేటప్పుడు డైస్ మీద 1 పడింది, దవడలో మూడు పళ్లు విరిగాయి. అందుకే ఆ శాలువా కప్పుకున్నా పాదాలు కనబడతాయి. వాళ్లకి అదే తెగ నచ్చింది.

కాబట్టి డైస్ సరిగా పడకపోతే వస్తువు మొత్తం పోయిందనకండి, ఇలాంటి చిన్న లోపం పెట్టండి. ఎప్పుడంటే అప్పుడు ఎగిరే చెప్పుల్లాంటివి, అంటే ఏ అడ్డంకినైనా తేలిగ్గా దాటించేసేవి, అడిగితే మాత్రం మొహమాటపడకుండా ముందే కాదనేయండి.