క్లాసులో రాసుకున్న నోట్సు తర్వాత చూస్తే అర్థం కావడం లేదు. ఎలా రాయాలి?

చెప్పిందల్లా రాయబోవడమే అసలు చిక్కు: చెయ్యి ఆడుతుంటే చెవి వినదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ 1950ల్లో నేర్పిన పద్ధతి దీనికి చక్కగా పనికొస్తుంది. ఏ4 కాగితంపై ఎడమన రెండున్నర అంగుళాలు వదిలి నిలువు గీత, అడుగున రెండంగుళాలు వదిలి అడ్డగీత కొట్టండి. క్లాసులో కుడివైపే, పొడి మాటల్లో రాయండి. అందనిచోట ఖాళీ వదిలేయండి, ఆగితే తర్వాతి మాటలూ పోతాయి.

ఆ రాత్రే ఎడమవైపు ప్రశ్నలు రాయాలి. ఉత్త ‘కిరణజన్య సంయోగక్రియ’ అని శీర్షిక పెడితే లాభం లేదు. ‘విడుదలయ్యే ఆక్సిజన్ నీటిదా, కార్బన్ డయాక్సైడ్‌దా?’ అని అడగాలి. (నీటిదే.) అడుగున రెండు వాక్యాల సారాంశం. చదివేటప్పుడు కుడివైపు మూసి జవాబు పైకి చెప్పండి. తప్పినవాటికి చుక్క పెట్టి, మర్నాడు అవే చూడండి.