పండ్లు పంచి ఫొటో దిగితే సేవ అయినట్టేనా?

బడి పిల్లల సేవా కార్యక్రమాల గురించి ఈ నెల నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల నుంచి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. దాదాపు అన్నింటిలోనూ ఉన్న అనుమానం ఒక్కటే: పిల్లలు చేస్తున్న ఈ పని ఎవరికి పనికొస్తున్నది? కొన్నింటిని ఎంచి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఒక ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఈ ఏడాది ప్రతి విద్యార్థి ఇరవై గంటల సమాజ సేవ చేసి, సంతకాలు చేయించిన పుస్తకం అప్పగించాలన్నారు. పోయిన ఆదివారం పిల్లలను వృద్ధాశ్రమానికి తీసుకుపోయి, అరటిపండ్లు, బ్రెడ్డు పంచి, ఫొటోలు దిగి, నలభై నిమిషాల్లో వెనక్కి తెచ్చారు. పుస్తకంలో మాత్రం నాలుగు గంటలని రాశారు. ఇది సేవ అవుతుందా? వచ్చే ఏడు పదో తరగతి కాబట్టి ఈ సమయం చదువుకు పెట్టుకోవడం మంచిది కాదా?
– ఒక తల్లి, రామగిరి, నల్లగొండ

సమాధానం: అమ్మా, నలభై నిమిషాలు నాలుగు గంటలైన చోటే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. మీ అబ్బాయికి ఆ రోజు ముసలివారి కష్టసుఖాల కంటే దొంగలెక్క ఎట్లా రాయాలో ఎక్కువగా తెలిసి ఉంటుంది.

పండ్లు పంచడం తప్పని నేను అనను. కానీ ఆశ్రమాలు నడిపేవారిని నిమ్మళంగా కూర్చున్నప్పుడు అడిగి చూడండి. ఆదివారాలు, పుట్టినరోజులు, జెండా పండుగల నాడు రెండు మూడు బృందాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి అవే పండ్లు ఇచ్చిపోతాయనీ, చక్కెర జబ్బు ఉన్నవారు వాటిని తినలేరనీ, మిగిలినవి నల్లబడిపోతాయనీ, మంగళవారం మధ్యాహ్నం మాత్రం పలకరించే మనిషి కనిపించడనీ చెబుతారు. నేను ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో నలభై మంది పిల్లలను ఒక ఆశ్రమానికి తీసుకుపోయి గంటన్నర సేపు పాటలు పాడించాను. చివరికి ఒక పెద్దాయన నా చేయి పట్టుకుని, 'సారూ, ఇగ కొంచెం పండుకోనిస్తరా?' అని అడిగారు. అంతమందిని ఒకేసారి తీసుకుపోవడం అప్పటి నుంచి మానుకున్నాను.

బడిలో సేవ అన్న ఆలోచన కొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధా విద్యా సదస్సులో గాంధీజీ చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలపాలని ప్రతిపాదించారు. 1964–66 నాటి కొఠారి కమిషన్ పని అనుభవాన్నీ సమాజ సేవనూ బడి చదువులో చేర్చాలని సిఫారసు చేసింది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ సమితి దీనికి 'సామాజికంగా ఉపయోగపడే ఉత్పాదక శ్రమ' అని పేరు పెట్టింది. ఆ పేరులోని 'ఉపయోగపడే' అన్న మాటనే మన బడులు తరచుగా దాటవేస్తున్నాయి. సీబీఎస్‌ఈ బడుల్లో తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వరకు ఆరోగ్య, వ్యాయామ విద్యలో 'సేవ' అన్న పేరుతోనే ఒక భాగం ఉంది. మన రాష్ట్ర బోర్డు బడుల్లో సహపాఠ్య అంశాల కింద పని విద్య, విలువల విద్య ఉన్నాయి. మీ బడి చెప్పే ఇరవై గంటలు దేని కింద వస్తాయో, బోర్డు అడిగినవా లేక యాజమాన్యం పెట్టుకున్నవా అన్నది ప్రధానోపాధ్యాయులను నేరుగా అడగండి.

అడిగినప్పుడే ఈ మాట కూడా చెప్పి చూడండి. ఒకే ఆశ్రమానికి, ఆరుగురికి మించకుండా పిల్లలు, నెలకు రెండు సార్లు, గంటన్నర చొప్పున పోతే చాలు. అంతకు ముందే ఒక ఉపాధ్యాయుడు అక్కడికి పోయి వారికి ఏమి అవసరమో కనుక్కుని రావాలి. చూపు తగ్గినవారికి దినపత్రిక చదివి వినిపించడం, మందుల చీటీలోని వేళలను పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకు అంటించడం, దూరాన ఉన్న కొడుక్కో బిడ్డకో ఫోను కలిపి ఇవ్వడం వంటివి పద్నాలుగేళ్ల పిల్లలు హాయిగా చేయగలిగిన పనులు. పింఛనుదారులు తాము జీవించి ఉన్నట్టు ఏటా ధ్రువపత్రం ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు దానిని సాధారణంగా నవంబరులో ఇవ్వాలి. దానిని 2021 నుంచి ఫోనులో ముఖం చూపించి కూడా పంపవచ్చు కాబట్టి ఈ పనిలోనూ పిల్లలు తోడు ఉండవచ్చు. అయితే ఆధార్ సంఖ్య, ఓటీపీ పిల్లల చేతిలో పెట్టకుండా ఉపాధ్యాయుడో ఆశ్రమ సిబ్బందో పక్కన ఉండి తీరాలి. ఆ పెద్దల ఫొటోలు తీయడానికి కూడా వారి అనుమతి కావాలి, నిర్వాహకుల అనుమతి ఒక్కటే సరిపోదు.

ఇక చదువు సంగతి. నేను చెప్పిన లెక్కన నెలకు మూడు గంటలు, ఏడు నెలలకు ఇరవై ఒక్క గంట. తొమ్మిదో తరగతి పిల్లవాడికి అది భారం కాదు. పదో తరగతిలో వద్దనుకుంటే మానిపించండి, కానీ ఆ మాట పోయి ఆ పెద్దలకు చెప్పి రమ్మనండి. లేకపోతే వారు ఎదురుచూస్తూ ఉంటారు.

ప్రశ్న: నల్లగొండ పట్టణంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం బోధిస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో తమ వాడల్లో తాగునీటిని పరీక్షించే పనిని సేవా కార్యక్రమంగా చేపట్టాలని ఉంది. ఒక దాత టీడీఎస్ మీటర్లు ఇస్తామన్నారు. ఫ్లోరైడ్ బాధ పోయిన తర్వాత ఇప్పుడిది ఎందుకని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. మీ అభిప్రాయం ఏమిటి?
– ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ

సమాధానం: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చినది మీదే. అందుకే మొదట దాత సంగతి చెబుతాను, ఏమీ అనుకోకండి. టీడీఎస్ మీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు మొత్తం మీద ఎంతో అంచనా వేసి చూపిస్తుంది. అందులో ఫ్లోరైడ్ వాటా ఎంతో చెప్పదు. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదన్నది మన దేశపు ప్రమాణం, వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర వరకు సడలింపు ఉంది. వందల్లో అంకెలు చూపించే ఆ మీటరు మీద ఒకటి, ఒకటిన్నర తేడా తెలిసే దారి లేదు. అంకె తక్కువ వచ్చిందని పిల్లలు ఇంటింటికీ పోయి 'మీ నీళ్లు మంచివే' అని చెబితే మీరు మేలు చేయబోయి కీడు చేసినవారవుతారు. ఆ డబ్బుతో ఫ్లోరైడ్ పరీక్ష పెట్టెలు కొనివ్వమని దాతను అడగండి. జిర్కోనియం, ఎలిజరిన్ కలిసిన ఎర్రని ద్రావణం ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ పసుపు వైపు తిరగడం పిల్లలు కళ్లారా చూస్తారు. ఆ ద్రావణంలో ఆమ్లం ఉంటుంది కాబట్టి చుక్కలు వేసే పని మీరే చేయండి, రంగు పోల్చి రాసుకునే పని వారికి ఇవ్వండి.

బాధ తగ్గిన మాట నిజమే. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించి మొదలుపెట్టిన మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లే దిక్కన్న పరిస్థితి మారింది. అయినా నల్లా రెండు రోజులు ఆగితే బోరు నీళ్లతో అన్నం వండుకునే ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్లు ఏవో, ఆ బోర్లలో ఎంత ఉన్నదో మీ పిల్లలకు తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు. మీ సహోద్యోగుల ప్రశ్నకు ఈ ఒక్క మాట సరిపోతుంది.

ఇళ్లకు పోయినప్పుడు పిల్లలు సరిదిద్దవలసిన నమ్మకం ఒకటి ఉంది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది తల్లులు అనుకుంటారు. మరిగిస్తే నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడ్ మాత్రం ఉన్నంత ఉండి మరింత చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే పంటి మచ్చల విషయమూ చెప్పాలి. పంటి పింగాణీ ఏర్పడేది చిన్ననాటనే, దాదాపు ఎనిమిదేళ్ల లోపు. ఆ వయసులో పడిన మచ్చ తర్వాత నీళ్లు మార్చినా పోదు. అంటే ఈ పరీక్షతో ఎక్కువ లాభం పొందేది మీ తొమ్మిదో తరగతి పిల్లలు కాదు, ఇంట్లో ఉన్న వారి చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు.

నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే, మన జిల్లా పేరు పెట్టుకున్న పద్ధతిని కూడా తరగతిలో చేసి చూపించండి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన 'నల్లగొండ టెక్నిక్'లో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, నిదానంగా తిప్పి, గడ్డలు కట్టి అడుగుకు దిగిన తర్వాత పైనీటిని తేర్చుకుంటారు. ఒక బకెట్టుతో తరగతిలోనే ఇది కుదురుతుంది. కానీ ఆ నీటిని తాగనివ్వకండి. పటిక ఎంత వేయాలన్నది నీటి క్షారగుణాన్ని బట్టి మారుతుంది, మోతాదు తప్పితే అల్యూమినియం నీటిలో మిగిలిపోతుంది.

నమూనా సీసా మీద వాడ పేరు, నీటి వనరు, తేదీ ఉంటే చాలు. హద్దు దాటిందని తోచిన నమూనాను ప్రభుత్వ ప్రయోగశాలలో మరొకసారి చూపించి, ఖాయమైన తర్వాతనే ఆ ఇంటివారికి మీరు స్వయంగా చెప్పండి. ఫలితాలను పేర్లతో నోటీసు బోర్డు మీద పెట్టడం, పిల్లల పళ్లు చూసి పట్టిక రాయడం వద్దు. మచ్చల పళ్లతో నవ్వడం మానేసిన పిల్లలను మీరూ చూసే ఉంటారు. వేసవిలో ఒకసారి, వానాకాలం వెళ్లాక ఒకసారి అవే బోర్లను పరీక్షిస్తే, రెండేళ్లలో మీ బడి దగ్గర అధికారులకు కూడా పనికొచ్చే లెక్క తయారవుతుంది.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా అన్న కాలేజీలో రక్తదానం చేశాడు. నేనూ ఇస్తానంటే నవ్వాడు. నా వయసువారు చేయగలిగిన సేవ ఏదైనా ఉందా?
– ఒక విద్యార్థిని, మహబూబ్‌నగర్

సమాధానం: బిడ్డా, మీ అన్న నవ్వడం తప్పు, కానీ నువ్వు ఇప్పుడే రక్తం ఇవ్వలేవన్నది మాత్రం నిజమే. రక్తం ఇవ్వడానికి పద్దెనిమిదేళ్లు నిండాలి, కనీసం నలభై ఐదు కిలోల బరువు ఉండాలి. అయితే మీ అన్న చేయలేనిదీ, నువ్వు ఈ ఏడాదే చేయగలిగినదీ ఒక సేవ ఉంది. పదో తరగతి పరీక్షల్లో చూపు లేని విద్యార్థులు జవాబులు చెబుతుంటే రాసిపెట్టేది తొమ్మిదో తరగతి పిల్లలే. పై తరగతులవారిని దానికి తీసుకోరు. రాసేవారు దొరకక ఆ పిల్లలు చివరి వారం దాకా తిరగవలసి రావడం నేను చూశాను. మీ ప్రధానోపాధ్యాయురాలికి ఇప్పుడే నీ పేరు ఇవ్వు. వీలైతే ఆ విద్యార్థిని ముందుగానే కలిసి, చెప్పే వేగానికి నీ చేయి అలవాటు చేసుకో. పరీక్షలో వారు చెప్పినదే రాయాలి. తప్పు చెప్పారని నీకు తెలిసినా దిద్దకూడదు, అన్నింటికంటే కష్టం అదే. ఆ పరీక్షలు సాధారణంగా మార్చిలో, నీ వార్షిక పరీక్షలు ఏప్రిల్‌లో కాబట్టి చదువుకు అడ్డు రాదు.

ప్రశ్న: మా అమ్మాయి చదివే బడిలో 'శ్రమదానం' పేరుతో పిల్లలతో తరగతి గదులు ఊడ్పిస్తున్నారు. ఆలస్యంగా వచ్చినవారితో మరుగుదొడ్లు కడిగిస్తున్నారు. అడిగితే జపాన్‌లో కూడా పిల్లలే శుభ్రం చేస్తారంటున్నారు.
– ఒక తండ్రి, మహబూబ్‌నగర్

సమాధానం: జపాన్ మాట ఎత్తినవారు అక్కడ పిల్లలందరూ వంతుల వారీగా చేస్తారన్న సంగతి కూడా చెప్పాలి. తాము కూర్చునే గదిని అబ్బాయిలు, అమ్మాయిలు అందరూ వంతుల ప్రకారం ఊడ్చుకుంటే, వీలైతే ఉపాధ్యాయులు కూడా ఒక చీపురు పట్టుకుంటే, నాకు అభ్యంతరం లేదు. మరుగుదొడ్లు కడగడాన్ని శిక్షగా వేయడం వేరే సంగతి. 2009 నాటి విద్యా హక్కు చట్టం పదిహేడవ సెక్షను బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. పైగా ఆ పని శిక్ష అయినప్పుడు, రోజూ ఆ పని చేసి బతికే మనుషుల గురించి పిల్లల మనసులో ఏమి నాటుతున్నాము? మోరీలు, సెప్టిక్ ట్యాంకుల దగ్గరికి పిల్లలను ఏ పేరుతోనూ పంపకూడదు. ఎవరికి చీపురు ఇస్తున్నారో కూడా కొన్ని రోజులు గమనించండి. ఎప్పుడూ అమ్మాయిలకో, ఫలానా వాడ పిల్లలకో, ఫీజు కట్టలేనివారికో ఆ వంతు వస్తుంటే దానిని శ్రమదానం అనకూడదు. ముందు పాఠశాల యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇవ్వండి, జవాబు రాకపోతే మండల విద్యాధికారికి అదే కాగితం నకలు ఇవ్వండి.

ప్రశ్న: ఇంటర్ తర్వాత ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరితే ఏమి చేయాలి?
– ఒక విద్యార్థి, జడ్చర్ల

సమాధానం: గాంధీజీ శతజయంతి ఏడు 1969లో సెప్టెంబరు 24న మొదలైన జాతీయ సేవా పథకం అది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పని చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. కళాశాలలో చేరిన మొదటి నెలలోనే ప్రోగ్రాం అధికారి ఎవరో కనుక్కో, స్థానాలు త్వరగా నిండుతాయి.

ప్రశ్న: మా కాలనీ పిల్లలు ఇరవై మంది పిల్లలమర్రి దగ్గర శ్రమదానం చేస్తామంటున్నారు. చెట్టు మొదట్లో తవ్వి పాదులు చేయించాలనుకుంటున్నాము.
– విశ్రాంత ఉద్యోగి, మహబూబ్‌నగర్

సమాధానం: అయ్యా, తవ్వకం మాట మరచిపోండి. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టి 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. ఆ తర్వాత అటవీశాఖవారు సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదలను చంపే క్లోరోపైరిఫాస్ మందును చుక్కలు చుక్కలుగా ఎక్కించారు. ఊడలకు ఆసరాలు కట్టారు. అటువంటి చెట్టు వేళ్ల దగ్గర పార పెట్టడం సేవ పేరుతో చేసే గాయమే అవుతుంది. మందు వాడిన మట్టిలో పిల్లలు చేతులు పెట్టడం అసలే మంచిది కాదు. అటవీశాఖ అనుమతి తీసుకుని, సందర్శకులు వచ్చే దారి పొడవునా ప్లాస్టిక్ ఏరించండి, కొమ్మల మీద పేర్లు చెక్కవద్దని చెప్పడానికి ఆదివారాల్లో ఇద్దరేసి పిల్లలను ప్రవేశద్వారం దగ్గర నిలబెట్టండి. ఇరవై మందీ ఒకేసారి పోనక్కరలేదు.