మోచేయి నొప్పికి మాత్ర వేసుకుని లాక్రోస్ ఆడవచ్చా?

ప్రశ్న: నా వయసు 19. మాది సోంపేట దగ్గర పల్లె. శ్రీకాకుళంలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏడాదిగా లాక్రోస్ (కొసన వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట) ఆడుతున్నాను. కుడిచేత్తో బాగానే ఆడతాను కానీ, ఎడమచేతికి మార్చితే బంతి వలలో నిలవడం లేదు. అందుకని రోజూ సాయంత్రం బంతిని నాలుగు వందల సార్లు గోడకు విసిరి పడుతున్నాను. మూడు వారాలుగా కుడి మోచేయి బయటివైపు నొప్పి. బకెట్ ఎత్తినా, తువ్వాలు పిండినా సలుపుతోంది. స్నేహితురాలు ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకుని సాధన చేస్తున్నాను. ఆట మెరుగుపడాలంటే ఇంకా ఏమి చేయాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: ముందు ఆ మాత్ర మానేయండి అమ్మా. ఆట సంగతి తర్వాత. కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో ఉద్దానంలో పుట్టిన మీకు నేను చెప్పనక్కర్లేదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవారు మామూలు రోజున ఒక మాత్రను తట్టుకుంటారు. మన తీరపు ఉక్కపోతలో గంటసేపు చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు అదే మాత్ర కిడ్నీలకు దెబ్బ. ఇప్పటివరకు వేసుకున్నవాటికి బెంగపడవద్దు. ఒకసారి బీపీ చూపించుకుని, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇక మోచేయి. మీరు చెప్పిన లక్షణాలు టెన్నిస్ ఎల్బోవిలా ఉన్నాయి. పేరుకు టెన్నిస్ గానీ, నా దగ్గరికి వచ్చేవారిలో బట్టలు పిండే గృహిణులు, వడ్రంగులే ఎక్కువ. మణికట్టును పైకి ఎత్తే కండరాల నరం లాంటి పట్టీ మోచేయి బయటి ఎముకకు అతుక్కుని ఉంటుంది. పిడికిలి బిగించిన ప్రతిసారీ దాని మీద భారం పడుతుంది.

ఎడమచేతి సాధన చేస్తుంటే కుడి మోచేయి ఎందుకు నొచ్చింది? ఎడమచేయి పైన ఉన్నప్పుడు కర్ర కింది కొసను పట్టుకుని లాగేది కుడిచేయే కదా. బంతి జారిపోతుందన్న భయంతో ఆ పిడికిలి బిగుసుకుపోతోందని నా అనుమానం. ఎడమచేతిలో బంతి నిలవకపోవడానికీ అదే కారణం కావచ్చు. బంతిని వలలో ఊయలలా ఊపాలంటే కర్ర వేళ్ల మధ్య కాస్త తిరగాలి. బిగబట్టిన కర్ర తిరగదు. అంటే మీ నొప్పికీ, మీ ఆటలోని లోపానికీ మందు ఒకటే: పట్టు వదులు చేయడం.

నాలుగు వందల సార్లు అన్నారు. చివరి రెండు వందలు అలసిన చేతితో చేసేవి. మెదడు వాటిలోని తప్పులనూ అంతే శ్రద్ధగా నేర్చుకుంటుంది. ఒక వారం గోడ జోలికి వెళ్లకండి. నొప్పి లేనంతవరకు, బంతిని ఎడమచేత్తో ఊపుతూ మైదానం చుట్టూ నడవండి, చాలు. తర్వాత టెన్నిస్ బంతితో మొదలుపెట్టండి. లాక్రోస్ బంతి సుమారు 145 గ్రాముల గట్టి రబ్బరు ముద్ద, టెన్నిస్ బంతి 58 గ్రాములకు అటూ ఇటూ. ఎడమచేతితో 30 సార్లు, అదీ సాధన మొదట్లో, చేయి తాజాగా ఉన్నప్పుడు. కాసేపు ఆగి మరో 30. మర్నాడు నొప్పి పెరగకపోతే వారానికి కొంచెం చొప్పున పెంచండి. రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోండి. పగలు నేర్చిన కదలికను మెదడు గట్టిపరుచుకునేది అప్పుడే. హాస్టల్ కబుర్లు ఆదివారానికి దాచుకోండి.

మోచేయికి ఒక వ్యాయామం. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి నేలవైపు ఉంచి, అరలీటరు నీళ్ల సీసా పట్టుకోండి. మణికట్టును ఎడమచేతి సాయంతో పైకి లేపి, సాయం తీసేసి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దించండి. రోజుకు ఒకసారి, 15 చొప్పున మూడు విడతలు. కొద్దిపాటి నొప్పి ఫర్వాలేదు, సలుపు పెరిగితే సీసాలో నీళ్లు తగ్గించండి. నయం కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

మీ తొందర నాకు అర్థమవుతుంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆరుగురి జట్ల లాక్రోస్ ఉంది. పతకాల పోటీగా 1908 తర్వాత మళ్లీ ఇప్పుడే. ఆమదాలవలస దగ్గర పెరిగి 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి జిల్లా మనది, తపనను తప్పుపట్టను. కానీ కళ్లద్దాల రక్షణ, పళ్లకు గార్డు లేకుండా మాత్రం మ్యాచ్ ఆడవద్దు.

త్వరగా అలసిపోతుంటే హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. మీ వయసు అమ్మాయిలకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. గుడ్డు, పెసలు, పొద్దున్నే మన చోడి అంబలి మంచివి. ఆటకు ముందూ మధ్యలోనూ నీళ్లు, తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. మీ ఊరి కొబ్బరిబోండం దొరికితే ఇంకా మేలు.

వేళ్లు తిమ్మిరెక్కినా, మోచేయి వాచినా, చేయి పూర్తిగా చాపలేకపోయినా, ఆరు వారాలకూ నొప్పి తగ్గకపోయినా ఎముకల డాక్టరును కలవండి. వెళ్లేటప్పుడు కర్ర కూడా పట్టుకెళ్లి, మీరు ఎలా పట్టుకుంటారో చూపించండి.